జైలు కాదట, శిబిరమట

మనిషిని ఎక్కడ ఉంచారన్నది చిన్న విషయం కాదు. ఊరికి ఎడంగా వాడ ఎందుకుందో తెలిసిన మనకి ఇది ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అందుకే అస్సాంలో విదేశీయులని ముద్ర పడ్డవాళ్ళను ఎక్కడ ఉంచాలో చెబుతూ గౌహతి హైకోర్టు 2020 అక్టోబర్ 7న ఇచ్చిన ఉత్తర్వును మేము ఆశగానే చదివాం.

అప్పటికి గోల్‌పారా, కోక్రాఝార్, సిల్చార్, డిబ్రూగఢ్, జోర్హాట్, తేజ్‌పూర్ జైళ్ళలోనే కొంత భాగాన్ని డిటెన్షన్ సెంటర్ అనేవాళ్ళు. నేరం చేసి శిక్ష పడ్డవాడూ, ఏ నేరమూ రుజువు కానివాడూ ఒకే గోడ లోపల. ఖైదీకి విడుదల తేదీ ఉంది, రెండోవాడికి అదీ లేదు. శిక్ష ముగిసిన విదేశీయులను జైల్లో ఉంచొద్దని సుప్రీంకోర్టు 2012లో భీమ్ సింగ్ కేసులోనే చెప్పింది. హైకోర్టు ఆ బాటలోనే పోయి, డిటెన్షన్ సెంటర్ జైలు ఆవరణ బయట ఉండాలంది. సర్కారు భవనం దొరక్కపోతే అద్దెకైనా తీసుకోమంది. ఇది మేలే, కాదనం.

కానీ తర్వాత జరిగిందేమిటి? 2021 ఆగస్టులో ప్రభుత్వం డిటెన్షన్ సెంటర్ పేరు మార్చి ట్రాన్సిట్ క్యాంప్ అంది. 2023 జనవరిలో గోల్‌పారా జిల్లా మటియాలో 3,000 మంది పట్టే శిబిరం తెరిచింది. ట్రాన్సిట్ అంటే ప్రయాణం మధ్యలో ఆగే చోటు గదా! అస్సాంలోనే పుట్టి పెరిగానంటున్న మనిషికి ప్రయాణం ఎక్కడికి?

బయటపడే దారి కూడా చూడండి. 2019లో సుప్రీంకోర్టు మూడేళ్ళు లోపల ఉన్నవాళ్ళను వదలొచ్చంది, లక్ష రూపాయల చొప్పున ఇద్దరి పూచీకత్తు మీద. కూలోడికి లక్ష పూచీ ఎవడిస్తాడు? 2020 ఏప్రిల్‌లో, కరోనా వచ్చాక, దాన్ని రెండేళ్ళకీ ఐదువేలకీ తగ్గించారు.

మా అసలు పేచీ ఇక్కడ. ఎక్కడ ఉంచారన్న వాదనలో, విదేశీయులని ఎట్లా తేల్చారన్న ప్రశ్న పక్కకి పోతోంది. విదేశీయుణ్ణి కానని రుజువు చేసుకునే భారం 1946 చట్టం ఆ మనిషి మీదే పెట్టింది. 2025లో కొత్త చట్టం వచ్చినా భారం దిగలేదు. మా ఇళ్ళల్లో చాలామంది పుట్టిన తేదీ బడిపంతులు వేసిందే. అమ్మ పేరు రేషన్ కార్డులో ఒకరకంగా, ఓటరు లిస్టులో ఇంకోరకంగా ఉంటది. అస్సాంలో ఇట్లాంటి కాగితాలతో ట్రిబ్యునల్ ముందు నిలబడ్డవాళ్ళలో బెంగాలీ ముస్లింలతో పాటు నామశూద్రులూ ఉన్నారు. 1946లో అంబేడ్కర్ బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకి గెలవడానికి పాటుపడ్డ జోగేంద్రనాథ్ మండల్ కులమే అది.

2024 జులైలో మటియాలో నీళ్ళు, మరుగుదొడ్లు సరిగా లేవని సుప్రీంకోర్టు మండిపడింది. 2025 ఫిబ్రవరి 4న అదే కేసులో, 63 మందిని ఇంకా ఎందుకు పంపలేదు, ముహూర్తం చూస్తున్నారా అని అస్సాం ప్రభుత్వాన్ని నిలదీసింది. వాళ్ళ దేశంలో చిరునామా తెలియదని ప్రభుత్వం చెబితే, ఆ దేశ రాజధానికి పంపమంది. అక్కడ చిరునామా దొరకనివాళ్ళలో అక్కడివాళ్ళు కానివాళ్ళు ఎందరో ముందు తేల్చమని అడగాల్సిన చోటు అదే గదా.