అరవై ఫలకాల కథ

చిత్రకారుడు వ్రాసిన బొమ్మ ఒక్కటే అయితే దానిని ఏ గోడకు తగిలించినా ప్రమాదం తక్కువ. కథను వరుసగా చెప్పే చిత్రమాల సంగతి వేరు. అందులో ప్రతి ఫలకానికీ ముందొకటి, వెనుక ఒకటి ఉంటవి. ఆ పొరుగు తప్పితే అర్థమే మారిపోతుంది. అమెరికాలోని నల్లజాతి చిత్రకారులలో అగ్రగణ్యుడైన జేకబ్ లారెన్స్ కృతుల చరిత్ర దీనిని విశదం చేస్తున్నది. మ్యూజియంలు తమ సంపదను వెబ్‌సైట్లలో ప్రదర్శిస్తున్న ఈ కాలంలో ఆ చరిత్రను పరిశీలించడం అవసరం. ఏలయనగా గోడమీద జరిగిన పొరపాటును తెరమీద సరిదిద్దవచ్చును. దానిని ఇంకా పెంచనూవచ్చును.

లారెన్స్ 1917లో జన్మించాడు. అతని తలిదండ్రులు దక్షిణ రాష్ట్రాల నుండి ఉత్తరానికి వలసవచ్చినవారు. మొదటి ప్రపంచయుద్ధ కాలం మొదలుకొని లక్షలాది నల్లజాతివారు దక్షిణాన్ని విడిచి ఉత్తరపు నగరాలకు తరలిపోయిన వృత్తాంతాన్ని అతడు 1940–41లో, ఇరవైమూడేళ్ల ప్రాయంలో, అరవై ఫలకాలలో చిత్రించాడు. ముందుగా హార్లెంలోని గ్రంథాలయంలో కూర్చుండి చరిత్ర చదివాడు, వాక్యాలు వ్రాసుకొన్నాడు, ఆ తరువాతనే కుంచె పట్టాడు. 1941లో అతని భార్య అయిన చిత్రకారిణి గ్వెండొలిన్ నైట్ ఫలకాలను సిద్ధపరచడంలోను, వాక్యాలను తీర్చిదిద్దడంలోను తోడ్పడినది. ఒక్కొక్క ఫలకం 12 అంగుళాలకు 18 అంగుళాలు. అనగా చేత పట్టుకొని చూడదగినంత. అరవైటినీ ఒకేసారి పరచుకొని, ఒక రంగు కలిపితే అది కావలసిన ఫలకాలన్నిటికీ పూసి, పిమ్మట మరొక రంగు ముట్టేవాడు. అందుచేత మొదటి ఫలకంలోని రంగే అరవయ్యవదానిలోనూ పలుకుతుంది. నిజానికి ఇవి అరవై చిత్రాలు కావు, అరవై ముక్కలుగా ఉన్న ఒకే చిత్రం.

ఆ ఒక్క చిత్రాన్ని 1942లో రెండు సంస్థలు పంచుకొన్నవి. బేసి సంఖ్యల ఫలకాలు వాషింగ్టనులోని ఫిలిప్స్ కలెక్షన్‌కు, సరి సంఖ్యల ఫలకాలు న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు చేరినవి. అన్నదమ్ముల పంపకం ఇంత సమంగా జరగదు! నల్లజాతి చిత్రకారుని కృతిని పెద్ద మ్యూజియం కొనడమే అరుదైన ఆ రోజులలో ఇది గౌరవమే, సందేహం లేదు. కాని పదిహేనవ ఫలకాన్ని చూడండి. ఆకులేని కొమ్మ, దానినుండి వ్రేలాడే ఉరిత్రాడు, క్రింద ముడుచుకొని కూర్చున్న ఒక మనిషి. ఉరితీయబడిన శరీరం ఎక్కడా లేదు. పదహారవ ఫలకంలో ఒక స్త్రీ బల్లముందు తలవంచుకొని కూర్చున్నది. మొదటిది చూచిన కంటికి రెండవదానిలోని మౌనం ఏమిటో చెప్పనక్కరలేదు. విడిగా చూచినవారికి ఆమె అలసిన ఇల్లాలు మాత్రమే. చావు వాషింగ్టనులో ఉన్నది, దుఃఖం న్యూయార్కులో ఉన్నది.

2015లో న్యూయార్కులో అరవై ఫలకాలూ ఒక్కచోట ప్రదర్శింపబడినవి. ఆ సందర్భంలో వెబ్‌సైటులోనూ వరుస మొత్తం చూపబడినది. ఫిలిప్స్ సంస్థ కూడా ఈ చిత్రమాలకై వేరుగా ఒక వెబ్‌సైటును ఏర్పరచినది. ఎవరి సొత్తు ఏది అన్న లెక్కను పక్కనబెట్టి చిత్రకారుని లెక్కను పాటించడం ఇందులోని సుగుణం. సాధారణంగా మ్యూజియం వెబ్‌సైటు ఖజానాదారు చిట్టావలె ఉంటుంది: తనవద్ద ఉన్నదే చూపుతుంది, లేనిదానిని గూర్చి పలుకదు.

అయితే వరుస దక్కినంతమాత్రాన సరిపోదు, మాట కూడా దక్కాలి. 1941లో లారెన్స్ వ్రాసిన వాక్యాలు దీర్ఘమైనవి; కారణాలు వివరించేవి. అందులో అతడు తనవారిని ఆనాటి వాడుక ప్రకారం నీగ్రోలనే అన్నాడు. 1993లో అతడే వాటిని కుదించి, మాటలు మార్చి తిరిగి వ్రాశాడు. పదిహేనవ ఫలకం క్రింది వివరణ అంతా పోయి, ఉరితీతలు జరిగినవన్న చిన్న వాక్యం మిగిలినది. వీటిలో ఏది చూపవలెను? క్రొత్తది మాత్రమే చూపితే ఇరవైమూడేళ్ల యువకుని నోట డెబ్బైఅయిదు దాటిన వృద్ధుని మాట పెట్టినట్లవుతుంది. పాతది మాత్రమే చూపితే ఆ వృద్ధుని హక్కును కాదన్నట్లే. రెంటినీ వాటివాటి సంవత్సరాలతో పక్కపక్కన ఉంచడం ఉచితం. గోడమీద అంత చోటు లేదు, తెరమీద ఉన్నది.

చోటున్నదికదా అని ఏమైనా చేర్చవచ్చునా అంటే, కూడదు. చిత్రకారుని కష్టాలు, వంశవృత్తాంతం, ఆనాటి ఛాయాచిత్రాలు బొమ్మకు ముందే పేర్చే అలవాటు నల్లజాతి కళాకారుల విషయంలో ప్రబలంగా కనబడుతుంది. తెల్లవాని చిత్రంలో రేఖను గురించి, రంగును గురించి చర్చ. నల్లవాని చిత్రంలో బ్రతుకును గురించే చర్చ. పదిహేనవ ఫలకం పక్కన నిజమైన ఉరి ఫొటో ఒకటి ఉంచినారనుకోండి. లారెన్స్ ఎంతో నిగ్రహంతో చూపక విడిచిన శరీరాన్ని మ్యూజియమే తెచ్చి తగిలించినట్లవుతుంది.

లారెన్స్ మరొక చిత్రమాలకు ఈ పాటి రక్షణ కూడా దొరకలేదు. అమెరికా ప్రజల పోరాట చరిత్రపై 1954–56 మధ్య అతడు వేసిన 30 ఫలకాలు ఒక ప్రైవేటు సేకర్త చేతికి పోయి, చెల్లాచెదరైనవి. 2020లో వాటిని తిరిగి కూర్చి ప్రదర్శించినప్పుడు అయిదు ఫలకాల జాడ తెలియలేదు. నిర్వాహకులు ఆ లోపాన్ని దాచక, వరుసలో అవి లేవని చూపినారు. ఆ అక్టోబరులో న్యూయార్కు ప్రదర్శనకు వచ్చిన ఒకరికి, తన పొరుగింటిలోని బొమ్మ ఈ వరుసలోనిదేమో అన్న అనుమానం కలిగినది. అది పదహారవ ఫలకమే. 2021లో ఇరవైఎనిమిదవది కూడా ఆ నగరంలోనే మరొక ఇంట దొరికినది. 1820–1840 మధ్య సకల దేశాలనుండి అమెరికా చేరిన జనం దాని విషయం. వెబ్‌సైటు నిర్మించేవారు ఉన్నవాటి నడుమ ఖాళీలను పూడ్చక, లేని ఫలకపు సంఖ్యను, పేరును దాని స్థానంలోనే నిలుపవలసి ఉన్నది.