ఆ కూతురేం రాసిందో!

మదాం ద సెవిన్యే ఉత్తరాల మాట వస్తే చాలు, అందరూ వాటెల్ కథే ఎత్తుకుంటారు. 1671 ఏప్రిల్‌లో పధ్నాలుగో లూయీ రాజు షాంటిలీ కోటకి విందుకొచ్చాడు. చేపలు వేళకి అందలేదని, విందు ఏర్పాట్లు చూసే వాటెల్ కత్తికి బలైపోయాడు, తన చేతులతో తనే. ఆ వెంటనే నాలుగు వైపుల నించీ చేపలొచ్చి పడ్డాయిట! ఆవిడ అక్కడ లేదు, విన్నదే రాసింది. అయినా కళ్ళకి కట్టినట్టుంటుంది. కాదనను.

కానీ నన్ను పట్టుకున్నవి కూతురికి రాసిన మామూలు ఉత్తరాలు. కూతురు ఫ్రాన్స్వాజ్‌ని 1669లో గ్రిన్యాన్ ప్రభువుకిచ్చి చేశారు. ఆయనకి మూడో పెళ్ళి. ఉద్యోగం ఎక్కడో దక్షిణాన ప్రొవాన్స్‌లో. 1671 ఫిబ్రవరిలో ఆ పిల్ల పారిస్ విడిచి కాపురానికి వెళ్ళిపోయింది. తల్లికి అప్పటికి నలభై అయిదేళ్ళు. భర్త ద్వంద్వయుద్ధంలో పోయి ఇరవై ఏళ్ళు. ఇహ అక్కణ్ణించీ ఆవిడకి టపాయే లోకం.

చాక్లెట్ తాగు, ఒంటికి మంచిది అని రాస్తుంది. కొద్ది నెలలకే, అబ్బే, ముట్టుకోకంటుంది! కూతురు మళ్ళీ నీళ్ళోసుకుందంటే హడలిపోతుంది. వేరే పడుకోమని అల్లుడికే బుద్ధి చెబుతుంది. మూడొందల యాభై ఏళ్ళ కిందట ఒక అత్తగారు ఆ మాట కాగితం మీద పెట్టడం సామాన్యమా? విమర్శకులు పొగిడే చమత్కారం కంటే నాకు ఈ తెగువే గొప్పగా కనిపించింది.

అయితే ఇంత ప్రేమ చదవడానికి బాగుంటుంది గానీ, భరించడానికి? వారానికి రెండేసి, మూడేసి ఉత్తరాలు. ప్రతిదాంట్లోనూ బెంగ. 1677లో కూతురు పారిస్ వచ్చి ఉంటే ఇద్దరికీ సుఖం లేకపోయింది. ఆ పిల్ల ఒంట్లో బాగులేదని తల్లికి దిగులు, తల్లి దిగులు చూసి ఆ పిల్లకి మరింత నలత. దూరమయ్యాక మళ్ళీ ఉత్తరాల్లో అమృతం కురిసింది!

కూతురికి మనసు లేదని తీర్పు చెప్పినవాళ్ళున్నారు. నేనొప్పుకోను. తల్లివి 1100 పైచిలుకు ఉత్తరాలు మిగిలాయి. కూతురు తల్లికి రాసినవి మనకి దక్కలేదు. తల్లి వాటిని ఎంత మెచ్చుకునేదో! మనవరాలు పోలీనే తరవాత వాటిని నాశనం చేయించిందంటారు. ఒక్క గొంతే విని తగవు తీర్చేస్తే ఎలాగండీ?

అందుకే నేను ఆ తల్లి ఉత్తరాల్లో కూతురికి బదులు చెప్పే చోట్లే వెతుక్కుంటూ చదివాను. అక్కడక్కడ ఆ పిల్ల దొరుకుతుంది. దెకార్త్ తత్వశాస్త్రమంటే ఆ అమ్మాయికి ప్రాణం. తల్లి వేళాకోళంగా ఆయన్ని కూతురికి తండ్రిని చేసేసింది! అయిదేళ్ళు నిండకుండానే నాన్నని పోగొట్టుకున్న పిల్లతో ఆ పరిహాసం. దానికేమని జవాబు రాసిందో, ఆ ఒక్క కాగితం మిగిలినా బాగుండేది.