గృహిణీ వాఙ్మయమున సఖీసంబోధనము

ఇంటిపట్టున నుండి బిడ్డలను పెంచు స్త్రీలు వెలయించిన వాఙ్మయమును మన విమర్శకులు సాధారణముగా రెండు విధముల వ్యాఖ్యానించుచున్నారు. కొందఱు దానిని స్వీయవేదనా నివేదన మందురు. మఱికొందఱు సంఘసంస్కార ప్రబోధ మందురు. మొదటి మతమున రచయిత్రి ఏకాకిని. రెండవ మతమున నామె ఉపదేశకురాలు. ఈ రెండింటను లోపించిన యంశ మొకటి కలదు. అది శ్రోత. ఆ మాట ఎవరిని పిలిచి చెప్పబడినది, నిజముగా ఎవరు వినవలెనని చెప్పబడినది అను ప్రశ్నకు మన విమర్శలో తగిన స్థానము లభింపలేదు.

గడప దాటుటకు వీలుపడని తల్లి, గోడలు కాదన్న సాంగత్యమును మాటచే కల్పించుకొనును. కావున ఇట్టి రచనలో శ్రోతృకల్పన అలంకారము కాదు. అదియే రచనకు ప్రాణము. ఆ శ్రోత యిరుతెఱగుల నుండును. పేరు పెట్టి పిలువబడిన శ్రోత నామమాత్రశ్రోత. ఎవరి చెవిని సోకవలెనని మాట బయలుదేఱినదో ఆ శ్రోత ఉద్దిష్టశ్రోత. ఈ యిరువురకును నడుమ నుండు దూరమే గృహిణీ వాఙ్మయమునకు శిల్పరహస్య మని నా యభిప్రాయము. దీనిని ముద్రిత వాఙ్మయమునుండి కొన్ని నిదర్శనములతోను, కర్నూలు జిల్లా పశ్చిమభాగమున ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతముల స్త్రీల పాటలతోను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. అచ్చుపుస్తకములనుండి విసుఱురాతికి రావలసిన కారణము ముందు తెలియగలదు.

ముద్రిత వాఙ్మయమున మొదట స్మరింపదగినది భండారు అచ్చమాంబ (1874-1905). కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సోదరి యగు నీమె బడికి పోయి చదువుకొన్నది కాదు. వివాహానంతరము తెలుగుదేశమునకు దూరముగా మధ్యపరగణాలలో భర్తతో కాపుర ముండి, తమ్ముని సాహాయ్యమున చదువు నేర్చినది. కన్నబిడ్డలను పోగొట్టుకొన్న తల్లి. తెలుగు మాట వినబడుట యరుదైన చోట కూర్చుండి 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను ప్రకటించినది. దీనిని చరిత్రగ్రంథముగ ప్రశంసించుట యుక్తమే. కాని మన దృష్టితో చూచిన నది ఒక సభ. ఇరుగుపొరుగున తన భాష తెలిసిన స్త్రీలు లేని గృహిణి, గతించిన స్త్రీలను పుటలపై పిలిచి కూర్చుండబెట్టినది. నామమాత్రముగ నచట నున్నవారు పూర్వస్త్రీలు. ఉద్దిష్టలు దూరముననున్న తెలుగు చెల్లెండ్రు. 1902లో ఆరంభమైన ‘హిందూసుందరి’ పత్రిక ఆ చెల్లెండ్రను చేరుట కామెకు దారి యైనది. ఆ యేడే మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజ స్థాపనమునం దామె పాలుపంచుకొన్నది. పుటపై కూడిన సభ, చాపపై కూడిన సభ యైనది.

ఈ పద్ధతికి పూర్ణరూపము కనుపర్తి వరలక్ష్మమ్మగారి ‘శారద లేఖలు’. వైద్యులు కె. ఎన్. కేసరిగారు 1928లో మద్రాసున స్థాపించిన ‘గృహలక్ష్మి’ పత్రికలో నీ లేఖలు సంవత్సరముల తరబడి వెలువడినవి. బాపట్ల వాసినియగు వరలక్ష్మమ్మగారు (1896-1978) అంతకుముందే ఆంధ్రపత్రికలో లీలావతి యను పేర ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ వ్రాసియుండిరి. ఆ శీర్షికలోనే వారి యభిమతము ద్యోతకమగును. చెట్టునీడ ఉపన్యాసవేదిక కాదు. నలుగురు కూర్చుండు తావు. శారద లేఖలలో ఆ నలుగురును ఒక్క సఖిగా రూపొందిరి. వ్రాయునది శారద, అందుకొనునది కల్పలత.

ఈ కల్పిత సఖివలన కలిగిన లాభములు మూడు. మొదటిది, విషయసంక్రమణ సౌలభ్యము. చెలికత్తెకు వ్రాయు జాబులో ఇంటి ముచ్చటనుండి శాసనసభ ముచ్చటకు పోవుటకు అనుమతి యక్కఱలేదు. 1929 నాటి బాల్యవివాహ నిరోధక శాసనమునుగూర్చి వ్యాసము వ్రాసిన పెద్దలు తర్కముతో నారంభింపవలెను. శారద కుశలప్రశ్నతో నారంభింపవచ్చును. రెండవది, సమానస్థాయి. వ్యాసకర్త్రి చదువరికంటె నొక మెట్టు పైన నిలుచును. చెలికత్తె ప్రక్కనే కూర్చుండును. మూడవది ముఖ్యతమము. కల్పలత యను పేరు ఎవరిదియు గాదు. అందుచే నది అందఱిదియు నైనది. పత్రిక చేతబట్టిన ప్రతి యిల్లాలును ఆ జాబు తనకే వచ్చిన దని భావింపగలదు. ఆ పత్రికయే తన పొరుగూరి యిల్లాలికిని చేరుచున్న దని యామె ఎఱుగును. ఇట్లొకరినొకరు చూడని స్త్రీలు ఒకే పేర పిలువబడి ఒక సమూహ మైరి.

అయినను ఇందొక కొఱత లేకపోలేదు. శీర్షికయే చెప్పుచున్నట్లు ఇవి శారద లేఖలు; కల్పలత లేఖలు కావు. సఖి వినును, అంగీకరించును, సందేహించిన నది శారద కలముననే సందేహించును. ఈ కొఱతను తీర్చినట్లు కనబడునది మాలతీ చందూర్‌గారి ‘ప్రమదావనము’. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో ఆరంభమై దశాబ్దములపాటు సాగిన యా శీర్షికలో చదువరులే ప్రశ్నలు వ్రాసిరి. కల్పలతకు నోరు వచ్చిన దనవచ్చును. కాని నోరు వచ్చిన క్షణముననే యామె సఖి గాక, ప్రశ్నించు చెల్లె లైనది. సమాధాన మిచ్చు రచయిత్రి పెద్దక్క యైనది. ఒకచోట సమానత్వము కలదు, ప్రత్యుత్తరము లేదు. వేఱొకచోట ప్రత్యుత్తరము కలదు, సమానత్వము సన్నగిలినది. ఈ రెండును ఒక్కచోట లభించు రూపము మన గృహిణీ వాఙ్మయమున కలదా యను ప్రశ్నయే మనలను పత్రికలనుండి పాటలకు మరల్చుచున్నది. ఈ పరీక్షకు ఆదోని సీమ తగిన క్షేత్రము.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివి. ఆదవాని యని పూర్వులు వ్యవహరించిన ఆదోని, ప్రత్తి వ్యాపారమునకును జిన్నింగు మిల్లులకును ప్రసిద్ధము. మద్రాసు-బొంబాయి రైలుమార్గముపై నున్నది. తపాలా బండిలో పత్రికలు వచ్చుటకు దారి లేనిచోటు కాదు. అక్షరము లేక పోవుటయే యడ్డంకి. 2011 జనగణన నాటికి సయితము కర్నూలు జిల్లా స్త్రీలలో సుమారు సగము మందియే అక్షరాస్యలు. కల్పలత యను పిలుపు ఇచటి తల్లులలో పెక్కుమందికి వినబడనే లేదు. మఱి వారు సాంగత్యమును దేనిచే కల్పించుకొనిరి?

విసుఱురాతికడ పాటచే. పెద్ద విసుఱురాయి ఇద్దఱు ఎదురెదురుగ కూర్చుండి త్రిప్పునట్టిది. ఒకతె పాట నెత్తుకొనును, రెండవది అందుకొనును. శ్రోత యిచట కల్పిత గాదు. అదే పిడిపై చేయి వేసి యున్నది. విన్నది ఊరకుండదు; తరువాతి చరణము తానే చేర్చును. ప్రత్యుత్తరము, సమానత్వము రెండును ఇచట సిద్ధించినవి. వదినెయైనను, తోడికోడలైనను, పొరుగింటి యక్కయైనను, రాయి తిరుగుచున్నంతసేపు ఇద్దఱి బరువును ఒక్కటే.

జోలపాట స్థితి వేఱు. ఇచట నామమాత్రశ్రోత పసిబిడ్డ. మాట తెలియని యా బిడ్డను పిలిచి తల్లి తన పుట్టింటి పేరెత్తును, మేనమామ రాలేదనును, అత్తవారి పెట్టుపోతలను తడవును. బిడ్డకు వలసినది రాగము. మాటలు గోడకావల నున్న అత్తకును ఆడుబిడ్డకును వలసినవి. ఎదుట పలుకరాని దానిని తల్లి బిడ్డ చాటున పలుకును. జవాబు చెప్పలేని వానితో మాటలాడి, చెప్పగలవారికి వినిపించుట జోలపాటలోని నేర్పు. శారద కల్పలతకు వ్రాసి దేశమునకు వినిపించుటయు నిదియే. అచ్చుకెక్కిన లేఖయు, ఉయ్యెలకడ జోలయు జాతిచే భిన్నములైనను, శ్రోతృకల్పనచే తోబుట్టువులు.

ఇచట సరిహద్దు భాషను విస్మరింపరాదు. ఆదోని సీమలో తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి వినబడును. మన ‘గృహలక్ష్మి’లో శారద లేఖలు వెలువడుచున్న కాలముననే, 1931లో, బిజాపురము జిల్లా హలసంగి మిత్రబృందము ‘గరతియ హాడు’ను ప్రకటించినది. అవి విసుఱురాతికడ పాడుకొను త్రిపదులు మున్నగునవి. గరతి యనగా సాధ్వియైన యిల్లాలు. మన నిఘంటువులలోని ‘గరిత’ దీనికి తోబుట్టువే. ఒకే దశాబ్దమున ఒక భాష గృహిణి జాబును, వేఱొక భాష గృహిణి పాటను అచ్చొత్తినవి. ఆ రెండు భాషలును వినబడు ఆదోని స్త్రీలకు జాబు అందలేదు. వారి పాటను గ్రంథముగ కూర్చు పనియు ఇంకను పూర్తిగ జరుగలేదు.

పాట సమష్టిసొత్తు, లేఖ వ్యక్తిరచన. వీనిని పోల్చుట ఎట్లు పొసగు నని ఆక్షేపింపవచ్చును. కర్తృత్వముచే అవి భిన్నములే. కాని కర్తను విడిచి శ్రోతను చూచితిమేని వాని బంధుత్వము బయటపడును. వెల్చేరు నారాయణరావుగారు తెలుగు స్త్రీల రామాయణపు పాటలపై 1991లో ప్రకటించిన వ్యాసమున ఈ దారి చూపియున్నారు. ఆ పాటలు పురుషులు పట్టించుకొనని లోపలి యింటిలో స్త్రీలు స్త్రీలకొఱకు పాడుకొన్న వగుటచేతనే, వానిలో రామునికంటె సీత, ఊర్మిళ, శాంత ప్రధానలైరి. శ్రోత మాఱిన కథయే మాఱిన దని దీనివలన తేలుచున్నది.

మఱియొక ప్రశ్న యింతకంటె గట్టిది. మాటచే కల్పించుకొన్న సాంగత్యము నిజమైన సంఘమా, లేక ఒంటరితనమునకు ఊరట మాత్రమా? ఊరట యైనను చిన్నది కాదు. అయినను సంఘ మనదగినదానికి పరీక్ష, వినినవారు కదలుట. అచ్చమాంబ రచన సమాజములలోనికి నడచినది. వరలక్ష్మమ్మగారు 1931లో బాపట్లలో స్త్రీహితైషిణీ మండలిని స్థాపించిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయిన స్త్రీలు, వాచకములోని పాఠము తమ గోడునే చెప్పుచున్న దని గుర్తించి సారాదుకాణమునకు అడ్డుపడిరి. ఆ యుద్యమము కర్నూలు జిల్లాకును వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషిద్ధమైనది. వాచకమున పిలువబడినది పాత్ర, కదలినవారు చదువరులు. నామమాత్రశ్రోతకును ఉద్దిష్టశ్రోతకును నడుమ దూరము తొలగినపుడు సాహిత్యము సంఘ మగును.

తుదకు గృహిణి యను మాటనే పరీక్షింపవలసియున్నది. యెమ్మిగనూరున మాచాని సోమప్పగారి చొరవతో 1938లో చేనేత సహకారసంఘము వెలసినది. ఆ యూరి సాలెయింట మగ్గమును పొయ్యియు ఒకే కప్పుక్రింద నుండును. అచటి తల్లి యింటిపట్టుననే యుండును. కాని బిడ్డ ఉయ్యెలను ఒక చేత నూపుచు రాట్నముపై కండెలు చుట్టును. ఆమె చుట్టిన కండె లేనిదే నాడె కదలదు. ఆదోని, కోసిగి పల్లెల తల్లులు సుగ్గికై గుంటూరు సీమ మిరపచేలకు వలసపోవుదురు. బిడ్డలు చంకనో, ఊర ముసలివారి కడనో ఉందురు. ‘గృహలక్ష్మి’ యను పేరు ఊహించిన యిల్లు వీరిది కాదు. ఎవరి యొంటరితనము సాహిత్యముగ లెక్కకెక్కినది, ఎవరిది ఎక్కలేదు అను విషయమును విమర్శ తేల్చి చెప్పవలయును. అచ్చును కొలమానముగ గొన్నచో ఈ తల్లులు మూగవారుగ తోతురు. సంబోధనను కొలమానముగ గొన్నచో వారు మొదటినుండియు మాటలాడుచున్నవారే.

దీనినిబట్టి పరిశోధకులకు పని యొకటి యేర్పడుచున్నది. కృష్ణశ్రీ, బిరుదురాజు రామరాజు మొదలగు పెద్దలు పాటల పాఠమును కాపాడి మహోపకార మొనర్చిరి. ఇక పాఠముతోపాటు సన్నివేశమును కాపాడవలసియున్నది. పాడిన దెవరు, ఎదుట కూర్చున్న దెవరు, ఎవరి పేరు పిలువబడినది, ఎవరు విని నవ్విరి, ఎవరు ముఖము త్రిప్పుకొనిరి అనునవి పాటలోని భాగములే. పిండిమరలు వచ్చి విసుఱురాతికడ ఇద్దఱు కూర్చుండుట మాన్పినవి. మరమగ్గముల పోటీవలన సాలెయిండ్లలో రాట్నములు తగ్గినవి. ఎదుటి మనిషి లేచిపోయిన తరువాత పాట మిగిలినను అది సగము పాటయే. ఆదోని, యెమ్మిగనూరు, ఆలూరు సీమలలో ఇద్దఱుగ కూర్చుండి పాడిన వృద్ధు లింకను కలరు. వారిని విడివిడిగ గాక, వీలైనంతవఱకు జంటగా కూర్చుండబెట్టి, వారి యనుమతితో పాటలు గైకొనుట యుచితము. ఏలయన ఆ పాటలు మనకొఱకు పుట్టినవి కావు. ఎదుట నున్న యక్కకొఱకు పుట్టినవి.