కొలువా, సేవా? జనరల్ కె.వి. కృష్ణారావు రచనల్లో అధికార స్వరం

వ్యాస సంగ్రహం

సైనికుడిగా జీవితం ప్రారంభించి, భారత సైన్యాధిపతిగా, అయిదు రాష్ట్రాల గవర్నరుగా పనిచేసి, రెండు గ్రంథాలు రచించిన తెలుగువాడు జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు (1923–2016). ఆయన రచనలు ఆంగ్లంలో ఉండటం వల్ల తెలుగు ఆత్మకథా పరిశోధనలో వాటికి తగిన చోటు దక్కలేదు. ఆ రచనలను ఆయన నిర్వహించిన పదవుల కాలక్రమంలో ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాలకుడు రాసిన స్మృతిగ్రంథంలో పాలితుల స్థానం ఏమిటన్న ప్రశ్నను తెలుగు భాషా స్వభావం ఆధారంగా చర్చిస్తుంది.

కీలక పదాలు: స్మృతి సాహిత్యం, ఆత్మకథ, గవర్నరు, సైనిక రచయితలు, షెడ్యూల్డ్ ప్రాంతాలు, జమ్మూకాశ్మీర్.

1. ఉపోద్ఘాతం

గవర్నరు పదవిని అలంకరించిన రచయితలు తెలుగువారికి కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, బూర్గుల రామకృష్ణారావు, బెజవాడ గోపాలరెడ్డి, వి.వి. గిరి ఈ కోవకు చెందినవారు. వీరందరూ జాతీయోద్యమం నుంచి వచ్చినవారు. ఉద్యమమే వారికి కలాన్నీ, పదవినీ ఇచ్చింది. కృష్ణారావు వచ్చిన దారి వేరు. ఆయన రాజ్‌భవన్‌కు సైనిక శిబిరం నుంచి వచ్చారు.

ఈ తేడాను ఒక్క నెల స్పష్టంగా చూపుతుంది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం వెలువడగానే కాంగ్రెస్ కార్యవర్గ సభ్యులతో పాటు పట్టాభిని అరెస్టు చేసి అహమ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. అదే నెలలో పందొమ్మిదేళ్ల కృష్ణారావు బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారిగా కమిషన్ పొంది మహర్ రెజిమెంటులో చేరారు. ఇద్దరూ తర్వాత గవర్నర్లయ్యారు, ఇద్దరూ ఆంగ్లంలో గ్రంథాలు రాశారు. అయితే ఒకరు రాజ్యాన్ని కారాగారం లోపలి నుంచి చూస్తే, మరొకరు దాని ఆయుధాగారం నుంచి చూశారు. ఒక రచయిత రాజ్యాన్ని మొదట ఎక్కడ నిలబడి చూశాడన్నది అతని వాక్యాన్ని చివరిదాకా ప్రభావితం చేస్తుంది. కృష్ణారావు రచనల అధ్యయనం ఈ స్పృహతో మొదలు కావాలి.

2. జీవిత రేఖ

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కృష్ణారావు బర్మా రంగంలోనూ వాయవ్య సరిహద్దులోనూ పనిచేశారు. 1947–48 జమ్మూకాశ్మీర్ యుద్ధంలో పాల్గొన్నారు. 1971 యుద్ధంలో ఆయన నాయకత్వంలోని 8వ పర్వత డివిజన్ సిల్హెట్ ప్రాంతంలో పోరాడింది. అంతకుముందు ఆ డివిజన్ నాగాలాండ్, మణిపూర్‌లలో తిరుగుబాటు నిరోధక విధుల్లో ఉంది. పరమ విశిష్ట సేవా పతకం ఆయనకు లభించింది. 1975లో సైన్యం పునర్వ్యవస్థీకరణ కోసం ఏర్పడిన నిపుణుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. భారత సైన్యం యాంత్రీకరణ చరిత్రలో ఆ సంఘాన్ని ఆయన పేరుతోనే ప్రస్తావిస్తారు. 1981 జూన్ నుంచి 1983 జులై వరకు ఆయన సైన్యాధిపతి.

1984లో నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు గవర్నరుగా నియమితులై 1989 వరకు కొనసాగారు. 1989లో కొంతకాలం మిజోరం అదనపు బాధ్యత కూడా చూశారు. ఆ ఏడాది జులైలో జమ్మూకాశ్మీర్ గవర్నరయ్యారు. 1990 జనవరిలో ఆ పదవి వదిలారు. 1993 మార్చిలో మళ్లీ అదే పదవికి వచ్చి 1998 మే వరకు ఉన్నారు.

3. రెండు పాలనల నడుమ ఒక గ్రంథం

'ప్రిపేర్ ఆర్ పెరిష్' 1991లో వెలువడింది. ఇది జాతీయ భద్రతపై రాసిన గ్రంథం. 'ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్' 2001లో వచ్చిన స్మృతిగ్రంథం. ఈ రెండు సంవత్సరాలనూ పదవీకాలాల పక్కన ఉంచితే ఒక విశేషం కనిపిస్తుంది. మొదటి పుస్తకం ఆయన రెండు కాశ్మీర్ పాలనలకు సరిగ్గా నడుమ పడింది. కాశ్మీర్ నుంచి వైదొలగిన తర్వాత, మళ్లీ కాశ్మీర్ వెళ్లక ముందు ప్రచురితమైన భద్రతా సిద్ధాంతం అది. రెండోసారి పాలన ఆ సిద్ధాంతానికి పరీక్ష. 2001 నాటి స్మృతులు ఆ పరీక్ష ముగిశాక రాసిన వాంగ్మూలం.

గవర్నరుగా ఉంటూ రచన సాగించిన సైనికులు ప్రపంచ సాహిత్యంలో ఉన్నారు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన ల్యూ వాలెస్ 1878 నుంచి 1881 దాకా న్యూమెక్సికో గవర్నరు. 1880లో వెలువడిన ఆయన నవల 'బెన్‌హర్'ను పాఠకులు ఆయన పాలనతో ముడిపెట్టి చదవనక్కర లేదు. కల్పన ఆయనకు ఆ వెసులుబాటు ఇచ్చింది. కృష్ణారావు కల్పనను ఎంచుకోలేదు. ఆయన రెండు పుస్తకాలూ నిజాన్ని చెబుతామన్న ఒప్పందంతో పాఠకుని ముందుకు వస్తాయి. కనుక ఆ రచనను పాలన నుంచి విడదీసి చదవడం సాధ్యం కాదు.

'ప్రిపేర్ ఆర్ పెరిష్' అన్న శీర్షికలో రెండే దారులు ఉన్నాయి: సిద్ధపడటం, నశించటం. దేశ సరిహద్దు గురించి మాట్లాడేటప్పుడు ఈ ద్వంద్వానికి బలం ఉంది. 1962లో సిద్ధం కాని సైన్యం ఎదుర్కొన్న పరాభవం ఆ తరం సైనికాధికారులకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. అయితే ఇదే ద్వంద్వాన్ని సరిహద్దు లోపలి ప్రజలకు వర్తింపజేయగలమా అన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న. శత్రువు ఎదుట సిద్ధత అంటే ఆయుధం. పౌరుని ఎదుట సిద్ధత అంటే వినడం. సైనికాధికారి గవర్నరయ్యాక ఈ రెండో సిద్ధత ఏమేరకు అలవడిందన్నదే ఆయన స్మృతిగ్రంథానికి గీటురాయి.

4. ఒక పేరు, వేర్వేరు అధికారాలు

గవర్నరు పదవి అలంకారప్రాయమైనదన్న అభిప్రాయం మైదాన ప్రాంతాల్లో బలంగా ఉంది. అటవీ ప్రాంతాల అనుభవం వేరు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని టేకులపల్లి దీనికి దగ్గరి ఉదాహరణ. నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, షెడ్యూల్డ్ తెగలకు కేటాయించిన ఇల్లెందు నియోజకవర్గంలో ఉన్న ఈ ఏజెన్సీ మండలంలో భూమి చేతులు మారడాన్ని నియంత్రించే చట్టం శాసనసభ చేసింది కాదు. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గవర్నరు జారీచేసిన 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ఇక్కడ అమలులో ఉన్నాయి. జనం నోట 'వన్ ఆఫ్ సెవెంటీ'గా నిలిచింది ఆ సవరణే. ఇక్కడి కోయ రైతుకు గవర్నరు సంతకం పొలం గట్టు దాకా వచ్చిన అధికారం.

సైనికాధికారి పాలకుడు కావడం కూడా తెలంగాణకు అనుభవమే. 1948 సెప్టెంబరు తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి హైదరాబాద్ సంస్థానానికి మిలిటరీ గవర్నరుగా వచ్చారు. గోదావరి అడవుల్లో గెరిల్లా దళాలు, వారిని వెతుకుతూ సైన్యం ఉన్న కాలమది. చౌదరి తర్వాతి కాలంలో తన ఆత్మకథ చెప్పి రాయించారు. ఎదుటి పక్షం నుంచి పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెలంగాణ పోరాట చరిత్రను గ్రంథస్థం చేశారు. ఆ కాలాన్ని అర్థం చేసుకోవాలనుకునే పరిశోధకుడు ఈ రెండు పక్షాల కథనాలనూ పక్కపక్కన పెట్టుకుంటాడు. ఈ పద్ధతే కృష్ణారావు స్మృతులకూ వర్తించాలి.

ఈశాన్యంలో ఆయన చూసిన గవర్నరు పదవి కూడా గిరిజన స్వపరిపాలనతో ముడిపడినదే. ఆరో షెడ్యూలు త్రిపురకు వర్తించేలా 1984లో రాజ్యాంగ సవరణ జరిగింది. 1988లో త్రిపుర నేషనల్ వలంటీర్లతో ఒప్పందం కుదిరింది. ఇవి ఆయన పదవీకాలంలోని రాజకీయ పరిష్కారాలు. అదే పదవీకాలంలో, 1987 జులైలో, మణిపూర్‌లోని ఓయినాం వద్ద అస్సాం రైఫిల్స్ శిబిరంపై సాయుధుల దాడి తర్వాత 'ఆపరేషన్ బ్లూబర్డ్' సాగింది. ఆ సందర్భంలో నాగా గ్రామస్థులపై జరిగిన హింస గురించి ఫిర్యాదులు గౌహతి హైకోర్టు దాకా వెళ్లాయి. అమ్నెస్టీ ఇంటర్నేషనల్ 1990లో దానిపై ప్రత్యేక నివేదిక ప్రచురించింది. స్మృతిగ్రంథాన్ని చదివేవారి బల్లపై ఆ నివేదిక కూడా ఉండాలి.

కాశ్మీర్‌లో ఈ పదవి అర్థం ఒకే వ్యక్తి చేతిలో మూడుసార్లు మారింది. 1989లో ఆయన ఎన్నికైన మంత్రివర్గం సలహా మేరకు నడుచుకోవలసిన గవర్నరు. 1993 నుంచి 1996 దాకా రాష్ట్రపతి పాలనలో యంత్రాంగం మొత్తం ఆయన చేతిలో ఉంది. 1996 అక్టోబరులో ఫరూక్ అబ్దుల్లా ప్రభుత్వం ఏర్పడ్డాక మళ్లీ మొదటి స్థితికి వచ్చారు. స్మృతిగ్రంథంలో 'నేను' అన్న పదం ఈ మూడు ఘట్టాల్లోనూ ఒకటే. దాని వెనుక ఉన్న అధికారం ఒకటి కాదు. మొదటి ఘట్టంలో 'నేను' సాక్షి. రెండో దానిలో కర్త. మూడో దానిలో మళ్లీ సాక్షి. ఏ ఘట్టానికి ఎంత బాధ్యత అన్నది ఈ తేడాను బట్టే తేల్చాలి.

5. ఒకే నెలలో రెండు సంఘటనలు

1993 అక్టోబరులో శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గాలో సాయుధులు చేరడంతో సైన్యం దాన్ని చుట్టుముట్టింది. నెలరోజులకు పైగా సాగిన ముట్టడి నవంబరు మధ్యలో చర్చల ద్వారా ముగిసింది. సైన్యం దర్గాలోకి చొరబడలేదు. సైనిక నేపథ్యం గల గవర్నరు పాలనలో సంయమనం నెగ్గిన సందర్భం ఇది.

ఆ ముట్టడి సాగుతుండగానే, అక్టోబరు 22న బిజ్‌బెహారాలో నిరసన ప్రదర్శనపై సరిహద్దు భద్రతా దళం కాల్పుల్లో పదుల సంఖ్యలో పౌరులు మరణించారు. అదే నెలలో ఏర్పడిన జాతీయ మానవహక్కుల సంఘం దీన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

పాలకుని స్మృతుల్లో మొదటి సంఘటన సహజంగానే విజయంగా నిలుస్తుంది. పౌరుని స్మృతిలో రెండోది చెరగని గాయంగా నిలుస్తుంది. విమర్శ ఏదో ఒక పక్షాన్ని ఎంచుకుని రెండోదాన్ని కొట్టివేయనక్కర లేదు. ఒకే నెలలో ఒకే పాలన కింద ఈ రెండూ సాధ్యమయ్యాయన్న వాస్తవాన్ని పాఠకునికి కనిపించేలా చేయడం దాని పని.

పాలకుడు కూడా ప్రాణభయానికి అతీతుడు కాడు. 1995 జనవరి 26న జమ్మూలోని మౌలానా ఆజాద్ స్టేడియంలో గణతంత్ర దినోత్సవ ప్రసంగం చేస్తుండగా బాంబులు పేలి పలువురు మరణించారు. కృష్ణారావు తృటిలో తప్పించుకున్నారు. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి ఆ తర్వాత మూడేళ్లు అదే పదవిలో కొనసాగడం ఆయన నిబద్ధతకు నిదర్శనం. ఆ నిబద్ధతను గుర్తించడానికీ, ఆ పాలనను ప్రశ్నించడానికీ మధ్య వైరుధ్యం లేదు.

6. తెలుగులో చదివితే

ఈ స్మృతిగ్రంథాన్ని తెలుగులోకి తేవాలనుకున్నవారికి మూడు చోట్ల కలం ఆగుతుంది. ఆ మూడూ విమర్శకు కీలకాలు.

మొదటిది శీర్షికలోని 'సర్వీస్'. ఆంగ్లంలో ఈ పదం ఉద్యోగాన్నీ త్యాగాన్నీ ఒకటిగా చూపుతుంది. తెలుగులో 'కొలువు' వేరు, 'సేవ' వేరు. కొలువుకు జీతం, హోదా, పైఅధికారి ఉంటారు. సేవకు గ్రహీత ఉండాలి, ఆ గ్రహీత దాన్ని సేవగా గుర్తించాలి. 'దేశసేవలో' అని అనువదిస్తే రచయిత పక్షం, 'దేశపు కొలువులో' అని అనువదిస్తే చరిత్రకారుని పక్షం వినిపిస్తుంది.

రెండోది 'వియ్' అన్న సర్వనామం. ఆంగ్లంలో అది వినేవారిని కలుపుకున్నదో, మినహాయించినదో పదం చెప్పదు. తెలుగు 'మేము', 'మనం' అని విడదీసి చెబుతుంది. సైనికుడు తన దళం గురించి 'మేము' అనడం న్యాయమే. అదే వ్యక్తి గవర్నరుగా ఒక రాష్ట్రం గురించి మాట్లాడేటప్పుడు 'మేము' అంటే యంత్రాంగం, 'మనం' అంటే ప్రజలతో కూడిన రాష్ట్రం. అనువాదకుడు ప్రతి వాక్యం దగ్గరా ఈ నిర్ణయం తీసుకోక తప్పదు. మూలం దాచగలిగిన దూరాన్ని తెలుగు దాచలేదు.

మూడోది క్రియ. 'కాల్పులు జరిగాయి', 'కాల్పులు జరిపారు' అన్న వాక్యాల నడుమ తేడా కర్త ఉనికి. ప్రభుత్వ ప్రకటనల భాష ఎక్కడైనా మొదటి రూపాన్నే కోరుకుంటుంది. సైన్యాధిపతిగా నివేదికలు చదివి, గవర్నరుగా నివేదికలు పంపిన రచయితకు ఆ భాష చేతివాటం కావడం సహజం. స్మృతి సాహిత్యం నివేదికగా మిగిలిపోకూడదంటే 'జరిగింది' అన్నచోట 'జరిపింది ఎవరు' అన్న ప్రశ్నకు అది జవాబు ఇవ్వాలి.

7. ముగింపు

1987 తర్వాత జమ్మూకాశ్మీర్ శాసనసభకు ఎన్నికలు జరిగింది 1996 సెప్టెంబరులోనే. ఆ ఏడాది ఎన్నికల్లో ఓటర్లపై భద్రతాదళాల ఒత్తిడి ఉందన్న ఆరోపణలు అప్పుడే వచ్చాయి. ఆ ఆరోపణలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఒక విషయం మిగులుతుంది. మూడేళ్లకు పైగా ఒక రాష్ట్ర యంత్రాంగాన్ని తన చేతిలో ఉంచుకున్న మాజీ సైన్యాధిపతి, దాన్ని ఎన్నికైన మంత్రివర్గానికి అప్పగించారు. తన అధికారం తగ్గిపోవడమే గవర్నరుగా ఆయన సాఫల్యానికి కొలమానమైంది. యుద్ధరంగ విజయాలకు లేని ఈ విలక్షణత ఆయన జీవితంలో ప్రధాన ఘట్టం. 'సిద్ధపడు, లేదా నశించు' అన్న ద్వంద్వంలో ఇమడని మూడో దారి అది.

కృష్ణారావు 2016 జనవరి 30న మరణించారు. ఆయన గ్రంథాలు ఆంగ్లంలో ఉన్నాయన్న కారణంతో తెలుగు ఆత్మకథా పరిశోధన వాటిని పక్కన పెట్టడం సమంజసం కాదు. వాటిని తెలుగులో, ఎదుటి పక్షం వాంగ్మూలాలతో కలిపి చదివినప్పుడు పాలకుడు రాసిన స్మృతిలోని మౌనాలు కూడా వినిపిస్తాయి. గవర్నరు సంతకం పొలం గట్టును తాకే టేకులపల్లి వంటి అటవీ సరిహద్దుల్లో ఆ చదువు విద్యావిషయకమైన ఆసక్తితో ఆగిపోదు. తమ పేరున రాసే వాక్యంలో తాము 'మేము'లో ఉన్నామో, 'మనం'లో ఉన్నామో అడిగే హక్కు అక్కడి ప్రజలకు ఉంది. ఆ హక్కును గుర్తించిన విమర్శే ఈ రచయితకు న్యాయం చేయగలదు.