నక్షత్రం – సింహాసనం: మనీలియస్ ఆకాశం, పోతన ధ్రువస్థానం

1. ప్రస్తావన
కావ్యాలలోని నక్షత్రవర్ణనను ప్రకృతివర్ణనగానే చూడడం పరిపాటి. కాని ఆకాశంలో ఎవరికి ఏ స్థానం దక్కిందన్నది కవి రాజకీయ దృక్పథాన్ని కూడా తెలుపుతుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి మనీలియస్ రచించిన 'ఆస్ట్రోనమికా'ను, 15వ శతాబ్దపు బమ్మెర పోతన భాగవతంలోని ధ్రువోపాఖ్యానాన్ని ఈ కోణంలో పరిశీలించవచ్చు. ఇది ప్రభావ పరిశీలన కాదు. రెండు దృక్పథాల తులన మాత్రమే.

2. రోమన్ ఆకాశం
క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ హత్యానంతరం ఒక తోకచుక్క కనిపించింది. అది సీజర్ ఆత్మయేనన్న విశ్వాసాన్ని అతని వారసుడు ఆగస్టస్ తన అధికారానికి ఆలంబనగా చేసుకున్నాడు. నాణేలపై కూడా ముద్రింపజేశాడు. ఓవిడ్ తన 'మెటమార్ఫసిస్' చివరి భాగంలో ఈ నక్షత్రత్వసిద్ధినే వర్ణించాడు. మనీలియస్ ఏలికతో ఆగలేదు, సమాజాన్నంతటినీ ఆకాశానికెక్కించాడు. ఐదవ భాగం ముగింపులో నక్షత్రాలను కాంతి తారతమ్యాన్ని బట్టి సెనేటర్లు, అశ్విక వర్గం, పౌరులు, జనసమూహం అనే అంతస్తులుగా అమర్చాడు. లెక్కలేనన్ని చిన్న చుక్కలకు వాటి సంఖ్యకు తగిన బలమే ఉంటే లోకం దగ్ధమయ్యేదన్నాడు. అంటే సామాన్యుల బలహీనతయే లోకరక్షణ! మానవకల్పితమైన అంతరం ఇక్కడ ప్రకృతి నియమంగా మారింది.

3. ధ్రువస్థానం
చతుర్థ స్కంధంలో సురుచి వాదం కూడా ఇటువంటిదే. తన గర్భాన పుట్టనివాడికి ఉత్తానపాదుని తొడనెక్కే అర్హత లేదంటుంది. తండ్రి మౌనం ఆ వాదానికి రాజామోదమవుతుంది. అవమానితుడైన ఐదేళ్ల బాలుడు తపస్సుతో సాధించినది సప్తర్షులు సైతం ప్రదక్షిణం చేసే పదం. దానిని ఇచ్చినవాడు రాజు కాడు. చివరి ప్రయాణంలో రాజు అలక్ష్యం చేసిన సునీతి కుమారునికంటే ముందే విమానంలో సాగిపోతుంది.

అయితే దీనిని రాజధిక్కారమని తేల్చివేయడం తొందరపాటు. ధ్రువుడు రాజపుత్రుడు, నక్షత్రపదానికి ముందు దీర్ఘకాలం రాజ్యమేలినవాడు. పైగా భగవంతుని దర్శించి కూడా పదవినే కోరుకున్నందుకు పశ్చాత్తాపపడతాడు. కథ రాజరికాన్ని తొలగించదు. దానిని అత్యున్నత స్థానం నుంచి దింపుతుంది.

4. ముగింపు
మనీలియస్ ఆకాశం ఉన్న అంతస్తులను స్థిరపరిస్తే, పోతన ఆకాశం సింహాసనానికి పైన మరొక పీఠాన్ని నిలిపింది. అవతారికలోని నరాంకిత తిరస్కారాన్ని కవి జీవితగాథలతో మాత్రమే సమర్థించే అలవాటు మనకుంది. దానికి కావ్యాంతర్గత సాక్ష్యం ధ్రువోపాఖ్యానంలో ఉంది. అయితే ఆ సాక్ష్యం చూపేది రాజరిక నిరాకరణను కాదు, దాని పరిమితిని.