ఏది తొలి కామిక్? – వార్షికోత్సవాల వెనుక నిర్వచనాలు

సాహిత్యచరిత్రలో ‘తొలి’ అనే విశేషణం ఎంత చిక్కు తెచ్చిపెట్టగలదో తెలుగు పరిశోధకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1910లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’కు 2010లో శతజయంతి జరిగింది. భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, ‘హిందూ సుందరి’లో అచ్చయింది. ఈ సంగతి తెలిసినవారు కూడా శతజయంతి 2010లోనే అన్నారంటే, వారు తేదీలను కాక ‘ఆధునిక కథ’ అనే భావనను లెక్కలోకి తీసుకున్నారన్నమాట. భావన మారితే తేదీ మారుతుంది. తేదీ ఒకసారి ఉత్సవమై స్థిరపడితే మాత్రం భావన మారడం కష్టమవుతుంది. కామిక్స్, కార్టూన్ల చరిత్రలో ఈ తగవు మరింత పెద్ద ఎత్తున, రెండు ఖండాల మధ్య జరిగింది. ఏ తేదీని జన్మదినంగా ఒప్పుకుంటామన్నది మన వ్యంగ్యచిత్రాలలో మనకు ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నదానిని కూడా నిర్ణయిస్తుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిభాష గురించి ఒక మాట. ఒకే గడిలో ముగిసే వ్యంగ్యచిత్రాన్ని ఇక్కడ కార్టూన్ అనీ, వరుస గడులలో నడిచే చిత్రకథనాన్ని కామిక్ అనీ వ్యవహరిస్తున్నాను. రెండింటి చరిత్రలూ వేరు. అయితే మాటకూ బొమ్మకూ ఉన్న సంబంధం ఏమిటన్న మౌలిక ప్రశ్న రెండింటికీ ఒకటే.

అమెరికాలో ప్రబలమైన వాదం ‘ఎల్లో కిడ్’తో మొదలవుతుంది. రిచర్డ్ అవుట్‌కాల్ట్ సృష్టించిన ఈ బోడిగుండు కుర్రవాడు న్యూయార్కు పేటల పిల్లవాడు. మోకాళ్లు దాటిన చొక్కా తప్ప ఒంటిమీద మరేమీ ఉండదు. 1895 మే 5న పులిట్జర్ పత్రిక ‘న్యూయార్క్ వరల్డ్’లో రంగులలో కనిపించాడు. ఆ చొక్కా పసుపుపచ్చగా మారింది 1896లో. అదే ఏడాది చివర అవుట్‌కాల్ట్‌ను హర్‌స్ట్ తన ‘జర్నల్’కు తీసుకుపోయాడు. అక్టోబరు 25న అక్కడ వెలువడిన ఫోనోగ్రాఫు హాస్యాన్ని పలువురు చరిత్రకారులు మైలురాయిగా భావిస్తారు. వరుసగా బొమ్మలుంటాయి, ఫోనోగ్రాఫు మాటలు బుడగలలో వినిపిస్తాయి, చివరికి పెట్టెలోనుంచి చిలుక బయటపడుతుంది. పాత్ర, వరుస, మాటల బుడగ, పత్రిక అనే నాలుగు లక్షణాలూ ఒక్కచోట కుదిరాయి కాబట్టి ఇదే జన్మ అన్నారు. మే 5ను అక్కడి కార్టూనిస్టుల సంఘం కార్టూనిస్టుల దినంగా పాటిస్తున్నది. 1995లో అమెరికా తపాలాశాఖ కామిక్స్ పాత్రలతో ఇరవై స్టాంపులు విడుదల చేసినప్పుడు వాటిలో ఎల్లో కిడ్‌కు చోటు దక్కింది.

ఈ వాదానికి పునాది మాటల బుడగ. ఆ పునాది గట్టిది కాదు. ఎల్లో కిడ్ చాలాకాలం బుడగలో మాట్లాడనేలేదు, అతని మాటలు చొక్కామీద రాసివుండేవి. మరోవైపు హాల్ ఫాస్టర్ 1937లో ఆరంభించిన ‘ప్రిన్స్ వాలియంట్’లో బుడగలు లేవు, కథనం బొమ్మల వెంట వచనంగా సాగుతుంది. అది కామిక్ కాదని అమెరికాలో ఎవరూ అనరు. తరువాతి రచనకు వర్తించని నియమాన్ని పూర్వరచనలను వెలివేయడానికి మాత్రం వాడుకోవడం న్యాయం కాదు. ఇక 1895కు మరొక ఆకర్షణ ఉంది. అది లుమియేర్ సోదరుల సినిమా ప్రదర్శన జరిగిన సంవత్సరం. కామిక్‌ను సినిమాకు తోబుట్టువుగా, మహానగర యంత్రయుగపు బిడ్డగా చూపడానికి ఆ తేదీ చక్కగా అమరుతుంది.

ఐరోపా వాదం పేరు రొడోల్ఫ్ టొప్ఫెర్. 1799 జనవరి 31న జెనీవాలో పుట్టాడు. తండ్రి చిత్రకారుడు. కంటిజబ్బు వల్ల తాను చిత్రకారుడు కాలేక ఉపాధ్యాయుడై, వసతి పాఠశాల నడిపాడు. 1832లో జెనీవా అకాడమీలో సాహిత్యాచార్యుడయ్యాడు. (కామిక్‌కు ఆద్యుడనిపించుకున్నవాడు సాహిత్యశాఖవాడు కావడం మన శాఖలవారికి కొంత ఊరట!) విద్యార్థుల వినోదం కోసం గీసిన బొమ్మల కథలలో ‘మొస్యూ వ్యో బ్వా’ 1827 నాటిది. ప్రేమలో పడి పదేపదే ఆత్మహత్యకు ప్రయత్నించి పదేపదే విఫలమయ్యే ఒక ప్రౌఢ నాయకుని కథ అది. ఒక్కొక్క పుటలో చేతితో గీసిన గడులు, వాటి కింద చేతిరాతలో ఒకటి రెండు వాక్యాలు. కొన్ని గడులు వెడల్పు, కొన్ని సన్నని చీలికలు. కథనవేగం ఆ వెడల్పులోనే ఉంది. నాయకుడు ప్రతి ఆపద తరువాతా చొక్కా మార్చుకుంటాడన్న చిన్న విషయం తిరిగి తిరిగి వచ్చి, నవలలోని పల్లవిలా పనిచేస్తుంది.

ముద్రణ విధానం ఇక్కడ ముఖ్యం. టొప్ఫెర్ సిద్ధపరచిన కాగితంమీద కలంతో గీసి, దానిని రాతిమీదికి బదిలీచేసి అచ్చువేయించాడు. అక్షరాలను తిరగవేసి రాయవలసిన పనిలేదు, మధ్యలో చెక్కేవాని చేయి లేదు. గీత, రాత ఒకే కలం నుంచి ఒకే ఊపులో వచ్చాయి. తన పుస్తకం మిశ్రమ స్వభావం కలదనీ, రాత లేకుంటే బొమ్మల అర్థం మసకబారుతుందనీ, బొమ్మలు లేకుంటే రాతకు అర్థమే ఉండదనీ ఆయనే వివరించాడు. శబ్దార్థాల సహభావంలో కావ్యాన్ని చూసిన భామహుని వారసులకు ఈ ఆలోచన పరాయిది కాదు. పోలికను ఇంతకుమించి లాగడం మాత్రం ఉచితం కాదు. భామహుని దృష్టిలోనివి రెండూ భాషకు చెందినవే, టొప్ఫెర్ కలిపినవి రెండు వేర్వేరు మాధ్యమాలు.

డేవిడ్ కన్‌జల్ సుదీర్ఘ పరిశోధన, 1994లో థియరీ గ్రోన్‌స్టీన్, బెన్వా పీటర్స్ వెలువరించిన గ్రంథం టొప్ఫెర్ పక్షాన్ని బలపరిచాయి. రెండేళ్ల తరువాత, 1896ను ఆధారం చేసుకుని ఐరోపాలోనే కొన్నిచోట్ల కామిక్స్ శతజయంతి జరిగింది. టొప్ఫెర్ మరణించినది 1846 జూన్ 8న. అంటే కామిక్‌కు నూరేళ్లని ఉత్సవం చేసుకున్న సంవత్సరం, ఆ రూపాన్ని దాదాపు పూర్తిగా సాధించినవాడు కన్నుమూసి నూటయాభై ఏళ్లయిన సంవత్సరం కూడా. వార్షికోత్సవం జ్ఞాపకం చేయడమే కాక మరపించగలదు అనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

టొప్ఫెర్‌ను ఒప్పుకున్నంత మాత్రాన తేదీ తేలిపోదు. ‘వ్యో బ్వా’ గీసినది 1827లో, అచ్చయినది 1837లో. ఈ మధ్యలో 1833లో ‘మొస్యూ జబో’ అచ్చయింది. రచనాక్రమంలో వెనుకటిదైనా ముద్రణలో అదే మొదటిది. ఈలోగా కొన్ని కథల రాతప్రతులు వైమార్ చేరాయి. వృద్ధుడైన గేటే వాటిని చూసి మెచ్చుకున్నాడని ఎకర్మాన్ నమోదు చేశాడు. 1842 సెప్టెంబరులో ‘వ్యో బ్వా’ అనధికార ఆంగ్లరూపం ‘ఒబడయా ఓల్డ్‌బక్’ పేరిట న్యూయార్కులో ఒక పత్రికకు అనుబంధంగా వచ్చింది. ఎల్లో కిడ్ పుట్టిన నగరంలోనే, అంతకు అర్ధశతాబ్దం ముందే, బొమ్మలకథ చదివిన పాఠకులున్నారన్నమాట. తాళపత్రాలతో పనిచేసే మనకు రచనాకాలం, ప్రచారకాలం, ముద్రణకాలం వేర్వేరని తెలుసు. రాతప్రతిగా చేతులు మారిన దశను ‘ప్రచురణ’ కాదని తోసిపుచ్చితే గేటేవంటి పాఠకుని కూడా తోసిపుచ్చవలసి వస్తుంది. 2027లో రెండు వందల ఏళ్ల ఉత్సవం జరిపేవారు రాతప్రతిని ప్రమాణంగా అంగీకరించినవారవుతారు. నా మొగ్గు అటే.

కార్టూన్ అనే మాటకు కూడా ఒక పుట్టినరోజు ఉంది. దట్టమైన కాగితానికి ఇటాలియన్ పేరు నుంచి వచ్చిన ఆ పదం, గోడచిత్రానికి ముందు వేసుకునే పూర్తి పరిమాణపు నమూనాకు వాడుకలో ఉండేది. బ్రిటిష్ పార్లమెంటు నూతన భవనాన్ని అలంకరించడానికి అటువంటి నమూనాలను 1843లో వెస్ట్‌మిన్‌స్టర్ హాలులో ప్రదర్శించారు. ‘పంచ్’ పత్రిక జులై 15న జాన్ లీచ్ బొమ్మను ‘కార్టూన్’ అని పేరుపెట్టి అచ్చువేసింది. చిరుగుబట్టల పేదలు ఘనమైన చిత్రాలను చూస్తూ నిలబడివుంటారు. అన్నం అడిగినవారికి చిత్రప్రదర్శన ఇచ్చారన్నది ఎత్తిపొడుపు. మనం నేడు నిస్సంకోచంగా వాడే ‘కార్టూన్’ ఆ ఎత్తిపొడుపునుంచే వచ్చింది. ‘వ్యంగ్యచిత్రం’ అన్న మన పదం ధ్వనివాదపు వ్యంగ్యాన్ని గుర్తుకుతెస్తుంది గాని, ఆ పేదల కోపాన్ని కాదు.

‘పంచ్’ తొలి సంచిక 1841 జులై 17న వచ్చింది. ఆ తేదీని జపానులో మాంగా దినంగా పాటించేవారున్నారు. ఒసాము తెజుకా పుట్టిన నవంబరు 3 మరొక మాంగా దినం, ఆయన మరణించిన ఫిబ్రవరి 9 ఇంకొకటి. ఒకే కళకు మూడు దినాలు! ఒకటి విదేశీ పత్రికకు కట్టిన అప్పు, తక్కిన రెండూ స్వదేశీ రచయిత మహత్తుకు కట్టిన పట్టం. వీటిని కలిపి ఒక్కటి చేయకపోవడమే జపానువారి మెళకువ అనిపిస్తుంది.

ఉత్సవం ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్ వార్షికోత్సవాలు ఘనంగా జరుగుతాయి. పాత్ర హక్కులను సీగెల్, షూస్టర్ 130 డాలర్లకు వదులుకున్నారు. సృష్టికర్తలుగా వారి పేర్లు తిరిగి అచ్చులోకి రావడానికి 1970ల దాకా పోరాడవలసివచ్చింది. మన దేశంలో ‘అమర్ చిత్ర కథ’ 1967ను జన్మసంవత్సరంగా చెప్పుకుంటుంది. ఆ వరుసలో అనంత్ పై ఆంగ్లంలో వెలువరించిన ‘కృష్ణ’ సంఖ్య మాత్రం 11. మొదటి పది సంఖ్యలు అంతకు రెండేళ్ల ముందు కన్నడంలో వచ్చిన పాశ్చాత్య కథలు. ఒక ప్రాంతీయభాషలోని ఆరంభం, ఆంగ్లంలోని రెండవ ఆరంభం కింద మరుగునపడింది. భారతీయ పురాణకథతో మొదలైందన్న కథనం ఉత్సవానికి అనువైనది. ఆ కథనాన్ని ఒక సంఖ్య మౌనంగా ఖండిస్తున్నది.

తెలుగుకు వస్తే, తొలి తెలుగు కార్టూనిస్టుగా ప్రసిద్ధుడైన తలిశెట్టి రామారావు జయంతి మే 20 తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం. అమెరికాలో పండుగ ఒక సంచిక వెలువడిన రోజుకు, మనకు ఒక మనిషి పుట్టిన రోజుకు. మన జయంతి, వర్ధంతి సంప్రదాయానికి ఇది సహజమే, గౌరవప్రదమే. కానీ దాని ఫలితం మన వ్యాసాలలో కనిపిస్తుంది. ఏటా మే నెలలో జీవితచరిత్రలు వెలువడతాయి. ‘భారతి’, ‘ఆంధ్రపత్రిక’ పుటలలో ఆయన బొమ్మ ఏ రచన పక్కన వచ్చింది, కింద మాట ఎంత పొడవు, అది సంభాషణా వ్యాఖ్యా అన్న పరిశీలన అరుదు. వ్యక్తి తేదీ సులభంగా దొరుకుతుంది. రచన తేదీ కావాలంటే పాత సంపుటాలు సంచిక సంచికగా తిరగవేయాలి. పిహెచ్.డి. అంశాలకోసం వెదకే విద్యార్థికి ఇంతకంటే పనికివచ్చే పని చెప్పలేము.

నిర్వచనం ఇక్కడ ఎలా అడ్డుపడుతుందో బాపు విషయంలో చూడవచ్చు. మాటల బుడగే ప్రమాణమైతే, బొమ్మకింద మాట పెట్టే మన పత్రికల అలవాటు అపరిణతమైన దశగా, ఎక్కడో ఆగిపోయిన పరిణామంగా కనిపిస్తుంది. టొప్ఫెర్ నుంచి చూస్తే అది వేరే. బాపు కార్టూన్లు ఒకే గడివి, టొప్ఫెర్ చేసిన వరుస కథనం వాటిలో లేదు. కానీ కింది మాటను ఆయన తన చేత్తో రాసినచోట గీతకూ రాతకూ మధ్య ఎడం లేదు. జడ వంపు తిరిగిన కలమే తలకట్టునూ తిప్పుతుంది. ఆ రాత తరువాత కంప్యూటరు అక్షరరూపంగా స్థిరపడి శుభలేఖల దాకా వ్యాపించింది. అలా వ్యాపించాక బొమ్మనుంచి విడిపోయి అలంకారమైంది. కార్టూన్‌లో అది అలంకారం కాదు, మాట్లాడే మనిషి గొంతు. అందువల్ల సంకలనాలలో ఆ చేతిరాతను తీసివేసి మామూలు అచ్చక్షరాలలో వ్యాఖ్యను కూర్చడం, పద్యానికి ఛందస్సు తీసి తాత్పర్యం అచ్చువేయడంవంటిది. చదివితే నవ్వు వస్తుంది, రచన మాత్రం సగమే అందుతుంది. పరిశోధకుడు మూలసంచికకు వెళ్లవలసినది ఇందుకే. తేదీ తెలుసుకోవడానికి వెళ్లినవాడు ఆ పుటను కూడా చూస్తాడు.