మెక్‌గావ్రన్ సంఘాభివృద్ధి సిద్ధాంతము: విశాఖపట్నం సంఘముల నేపథ్యములో ఒక విమర్శ

మన వేదాంత కళాశాలలలో సంఘాభివృద్ధిని గూర్చి బోధించునప్పుడు డొనాల్డ్ మెక్‌గావ్రన్ పేరు రాకుండా ఆ తరగతి ముగియదు. ఆయన 1897లో దమోహ్‌లో జన్మించి, మధ్య భారతదేశములో అనేక సంవత్సరములు మిషనెరీగా పనిచేసి, 1955లో ‘ది బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్’, 1970లో ‘అండర్‌స్టాండింగ్ చర్చ్ గ్రోత్’ అను గ్రంథములను ప్రచురించారు. సంఘము పెరుగుట దేవుని చిత్తమనియు, పెరగకపోవుటను భక్తి మాటలతో కప్పిపుచ్చుకొనరాదనియు ఆయన పట్టుబట్టారు. ఇందుకు మనము ఆయనకు ఋణస్థులమే. సంవత్సరాల తరబడి ఒక్క బాప్తిస్మము కూడ లేని సంఘములో “మాకు సంఖ్య ముఖ్యము కాదు” అనే కాపరి మాట చాలాసార్లు వినయము కాదు, సాకు మాత్రమే.

అయితే ఆయన బోధలో ఒక సూత్రమును మనము పరీక్షింపకనే స్వీకరించాము. మనుష్యులు తమ జాతి, భాష, వర్గముల గోడలు దాటనవసరము లేకుండా క్రైస్తవులగుటకు ఇష్టపడుదురనునది ఆ సూత్రము. మన దేశములో దీనిని కులము అని చదువుకొనవలెను. మొదట ఆ గోడల లోపలనే శిష్యులను చేయుడి, సంపూర్ణులనుగా చేయుట తరువాతి దశ, గోడలు అప్పుడు కూలును అని దాని సారాంశము. 1977లో లౌసాన్ ఉద్యమము ఆధ్వర్యములో పాసడీనాలో జరిగిన సంప్రదింపులలోనే దీనిపై తీవ్రమైన చర్చ జరిగినది. మన తరగతులలో సూత్రము వినబడినంతగా ఆ చర్చ వినబడుట లేదు.

ఈ సూత్రమునకు నిదర్శనముగా మన విద్యార్థులు తప్పక చూపునది ఒంగోలు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. ఇంకేమి, సూత్రము ఋజువైనది కదా అందురు. కాని ఆ చరిత్రను మొదటినుండి చదువవలెను. పరిచర్య తొలి సంవత్సరములలో అగ్రవర్ణముల వారు కొందరు వచ్చి, మాదిగలను చేర్చుకొనకపోతే తాము వచ్చెదమని సూచించినప్పుడు, జె.ఇ. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదులలో ప్రార్థించుచు బైబిలు తెరువగా ఇద్దరికిని 1 కొరింథీ. 1:26-29 వచనములే దొరికినవని ఆ మిషను చరిత్ర చెప్పుచున్నది. ఆయన ఆ షరతును త్రోసివేశారు. అనగా ఒంగోలు ఉద్యమము మొదలైనది గోడలను గౌరవించుటతో కాదు, ఒక గోడను నిరాకరించుటతో. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య వంటివారు తమ బంధువుల మధ్య సువార్త ప్రకటించిరి గనుక అది బంధుత్వపు దారులలో వ్యాపించినది. ఈ సంగతిలో మెక్‌గావ్రన్ చెప్పినది నిజమే.

మరియొక సంగతిని మనవారు తరచుగా విడిచిపెట్టుదురు. 1876-78 కరవు కాలములో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకపు పనిని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. బోధకులు కూలీల మధ్యనే నివసించి వాక్యము చెప్పిరి. బాప్తిస్మము కావలెనని అడిగినవారు ఉన్నప్పటికిని, సహాయము అందుచున్నంతకాలము, సుమారు పదిహేను మాసములు, ఆయన ఎవరికిని ఇవ్వలేదు. కూటములకు వచ్చినవారి సంఖ్యను ఆ రాత్రే ఫోటోలతో పంపుకొను మన కాలములో ఈ నిగ్రహము ఎంత అరుదో చెప్పనక్కరలేదు. జె. వాస్కం పికెట్ కూడ 1933 నాటి తన అధ్యయనములో, ప్రజలు ఏ ఉద్దేశముతో వచ్చిరన్న దానికన్న బాప్తిస్మము తరువాత వారికి దొరికిన బోధ, ఆరాధనలే ఎక్కువ ప్రభావము చూపినవని గుర్తించారు.

రెండవ దశ మాటేమి? నూట నలుబది ఏండ్లు దాటినవి. కోస్తా జిల్లాలలో ఇది మాలల సంఘము, అది మాదిగల సంఘము అని నేటికిని చెప్పుకొనుచునే యున్నాము. బల్ల యొద్ద కలిసినవారు వివాహము దగ్గర విడిపోవుచున్నారు. దీనికి మెక్‌గావ్రన్ కారకులు కారు. ఆయన పుస్తకములకు ముందే ఇది యున్నది. కాని మన లోపమునకు ఆయన ఒక సిద్ధాంతపు గౌరవమును ఇచ్చారు. మా అభ్యంతరము ఇదే.

ఇప్పుడు విశాఖ సంగతి. తెలుగువారి మధ్య ప్రొటెస్టెంటు మిషను పని ఆరంభమైనది ఇక్కడనే. 1805లో లండన్ మిషనెరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికి వచ్చి, ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెలుగులోనికి అనువదింపసాగారు. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను ప్రభువునందు నిద్రించిరి. ఆ తరువాత దశాబ్దముల పాటు సంఘపు సంఖ్య స్వల్పమే. మెక్‌గావ్రన్ కొలబద్దతో చూచినయెడల ఇది విఫలమైన మిషను. కాని దాని అనువాదపు పని ఫలము తెలుగు దేశమంతటికి చేరినది. ఏ రిజిస్టరులో దానిని లెక్కించెదము?

అటు తరువాత నగరము మారినది. 1933లో ఓడరేవు ప్రారంభమైనది, 1941లో నౌకానిర్మాణ కేంద్రమునకు పునాది పడినది, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకితమైనది. గుంటూరు లూథరన్, ఒంగోలు బాప్టిస్టు, కృష్ణా జిల్లా సి.ఎస్.ఐ. కుటుంబములు, ఒరియా, తమిళ, మలయాళ విశ్వాసులు ఒకే క్వార్టర్ల వరుసలో నివసింపవలసి వచ్చినది. క్వార్టరు ఇచ్చునది ఉద్యోగపు స్థాయిని బట్టి గాని కులమును బట్టి కాదు. నగరములలోని మిశ్రమ సంఘములను మెక్‌గావ్రన్ 1979 నాటి గ్రంథములో ప్రత్యేకమైన రకముగా గుర్తించిన మాట నిజమే. అయితే వాటినుండి తన సూత్రమునకు రావలసిన సవాలును ఆయన పూర్తిగా ఎదుర్కొనలేదని మాకు తోచుచున్నది.

ఇక్కడ ఆయన సాధనమే మనకు ఉపయోగపడును. జన్మము వలన, బదిలీ వలన, మారుమనస్సు వలన కలుగు అభివృద్ధులను ఆయన వేరు చేశారు. గాజువాక, కూర్మన్నపాలెం, మధురవాడ ప్రాంతములలో “శరవేగముగా ఎదుగుచున్న” సంఘములలో, మేము చూచినంతలో, బదిలీ వలన కలిగినదే అధికము. ఒక మందిరము నిండిన ఆదివారమున మరియొక మందిరములో కుర్చీలు ఖాళీ అగుచున్నవి. దీనిని ఉజ్జీవము అనుటకు మాకు నోరు రాదు.

ఓర్లాండో కోస్తాస్ సంఖ్యతోపాటు సంఘ జీవనము, విశ్వాసావగాహన, లోకములో సేవ అను కోణములను కూడ చేర్చారు. ఇది మేలైన కొలత. అయితే అపొ.కా. 6:1-7 ఇంకను సూటిగా మాటలాడుచున్నది. శిష్యుల సంఖ్య పెరిగినప్పుడే గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు అలక్ష్యము చేయబడిరి. ఎవరి సంఘము వారికి పెట్టుట సులభమైన పరిష్కారమే. అపొస్తలులు ఆ పని చేయలేదు. ఎన్నికైన ఏడుగురి పేర్లన్నియు గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షపు చేతికే బల్ల అప్పగింపబడినట్లున్నది. వాక్యము ప్రబలెనని, శిష్యుల సంఖ్య విస్తరించెనని లూకా వ్రాసినది ఆ తరువాతనే.

2021 జనవరిలో ఉక్కు కర్మాగారపు పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రము సూత్రప్రాయముగా ఆమోదము తెలిపినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటింపబడినది. ఈ మధ్యకాలములోను తరువాతను కాంట్రాక్టు కార్మికులు అనేకులు పని పోగొట్టుకొన్నారు. శాశ్వత ఉద్యోగుల దశమభాగములపై కట్టబడిన సంఘములలో ఏమి జరిగినది? కానుక ఇయ్యలేనివాడు సిగ్గుపడి ఆరాధనకే మానివేసినయెడల, అతడు ఎందుకు రాలేదో కాపరికి తెలియుటకు ఎన్ని వారములు పట్టినది? పౌలు కొరింథీయులను గద్దించినది కూడ బల్ల యొద్ద లేనివారిని సిగ్గుపరచినందుకే (1 కొరింథీ. 11:22).

కనుక బి.డి. చివరి సంవత్సరపు విద్యార్థులకు మా సూచన ఒకటి. పరిశోధనా పత్రమునకు మరల మెక్‌గావ్రన్ జీవితమును తీసుకొనవద్దు. ఈ ప్రాంతములో ఒక సంఘపు సభ్యత్వ పుస్తకమును, కాపరి అనుమతితో, పేర్లు బయటపెట్టకుండ చదువుడి. ఆయన మూడు గడుల ప్రక్కన మరి మూడు చేర్చుడి: ఎవరు వెళ్లిపోయిరి, ఎందుకు వెళ్లిరి, పెద్దల మండలిలో ఏ పేటవారు ఉన్నారు, ఏ పేటవారు లేరు. పునరావాస కాలనీలలోని నిర్వాసితులు, గంగవరపు జాలరులు ఆ పుస్తకములో ఎక్కడైన కనబడుదురేమో చూడుడి. 2021 తరువాతి పేజీలతో ప్రారంభించుట మంచిది. వెళ్లిపోయినవారిలో అనేకుల ఇండ్లు ఇంకను నడచి వెళ్లగల దూరములోనే యున్నవి.